సున్నపు గీత

కప్ప గుడ్డును లేజరుతో పొడిచి
నాలుగు నిమిషాలు చూస్తూ కూచోవడం నా ఉద్యోగం.
కర్నూల్లో, మూడో అంతస్తులో, కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గది.
మే నెలలో కరెంటు పోతే గుడ్లన్నీ ఉడికిపోతాయి,
అందుకే జనరేటరు తాళంచెవి నా కొంగు ముడిలో.

పొడిచినచోట మొదట చీకటి.
పొర తెగి బయటి నీళ్లు లోపలికి దూకుతాయి.
నీళ్లతోబాటు సున్నం.
గోడకు కొట్టేది, ఆకుకు పూసేది,
ఎముకలో ఉండేది, ఆ సున్నమే.
అంత సున్నం లోపలివాళ్లకు విషం,
అయినా కబురు తెచ్చేదీ అదే.
కన్నం వేసిన దొంగే
కేకేసి ఇంటివాళ్లను లేపినట్టు.

అప్పుడు రంగులు.
గాయం అంచునానుకుని ఆకుపచ్చగా ఒక వలయం, దాని పేరు రో.
దాని వెలుపల ఎర్రగా ఇంకొకటి,
సీడీసీ నలభై రెండు. పేరా అది, బస్సు నంబరా?
ఎర్రది పచ్చదాని వాకిట అడుగుపెట్టదు.
పచ్చదాని గుమ్మంలో ఏబీఆర్ అని ఒకటుంది,
ఒక చేత్తో రోను లేపుతుంది,
రెండో చేత్తో ఎర్రదాన్ని గెంటేస్తుంది.

మా నాయన మద్దిలేటి కేసీ కెనాలు మీద లస్కరు.
కట్ట తెగిన రాత్రికి నేను ఏడో తరగతి,
లాంతరు పట్టుకోను తీసకపోయినాడు.
నీళ్లు శనగ చేలల్లో పడి ఉరుకుతాండాయి.
ఊరంతా వచ్చింది,
ఎవరు యాడ నిలబడాల్నో ఎవరికీ తెలీదు.
నాయన సంచిలో సున్నం తీసి
తెగిన కొస చుట్టూ వంకీ తిప్పి గీత పోసినాడు,
రెండు బారలు వెనక్కొచ్చి ఇంకో గీత.
"లోపలి గీత కాడ ఇసుక మూటలోళ్లు,
బయటి గీత కాడ మట్టి గంపలోళ్లు.
దాటితే కాళ్లిరగ్గొడ్తా."

పది మూటలేసినోడు పక్కకు రావాల, ఇంకొకడు పోవాల.
నడిజాము దాటేసరికి
మొదట నిలబడినోళ్లు ఒక్కరూ లేరు గీత మీద,
గీత ఉంది.
గండి ఒక బార పూడితే
పాత గీతను కాలితో చెరిపి
ఒక బార ముందుకు పోసినాడు.

తెర మీదా అంతే.
ఏ రో అయినా వెలిగేది కాసేపే.
లోపలి అంచున కొత్తవి వెలుగుతాయి,
వెనకవి ఆరిపోతాయి,
నడిచేవాళ్లెవరూ లేకుండానే వలయం నడుస్తుంది.
మా సారుకు చెప్తే నవ్వి,
"ఇక్కడ మీ నాయన లేడు కదమ్మా,
గీతే తనను తాను గీసుకుంటుంది" అన్నాడు.
రెండ్రోజులు నిద్ర పట్టలేదు నాకు.

పోయిన బుధవారం ఏదో మందు కలిపి పొడిచాం.
ఎరుపూ పచ్చా కలిసిపోయి మురికి పసుపు మసక.
రావాల్సినవాళ్లందరూ వచ్చినారు, తక్కువేం లేదు.
గాయం వెడల్పయింది.

ఆ మసకను నేనెరుగుదును.
తెల్లవారుజామున జీపు దిగిన ఆఫీసరు
"గీతలేంది, అందరూ ముందుకు పోండి" అన్నాడు.
పోయినారు.
కొస జారింది.
ఉప్పర చిన్నోబులేసు మట్టి గంపతో సహా పోయినాడు.
మూడోనాడు తూము కాడ గంప దొరికింది.

జీపు పోయినాక నాయన మళ్లా గీత పోసినాడు.
సంచిలో సున్నం చాల్లేదు,
వక్కాకు డబ్బీలోది గోటితో గీకి
చివరి మూరెడు పూర్తి చేసినాడు.

గండి పూడిన చోట ఇప్పటికీ మట్టి వేరే రంగు.
సైకిల్లో పోతాపోతా అక్కడ దిగి నడిచేవాడు.
ఏమి నాయనా అంటే, చైను వదులైందిలే అనేవాడు.

గుడ్డులో కూడా, అంతా మూసుకున్నాక,
ఆవగింజంత పచ్చదనం కాసేపు మిగులుతుంది.
నేను లెక్కలు రాసే పుస్తకంలో దానికి గడి లేదు.
మార్జిన్లో పెన్సిలుతో చుక్క పెడతా.
పెట్టబోతుండగా కరెంటు పోయింది,
చీకట్లో కొంగు ముడి తడుముకుంటూ
మెట్లు దిగుతున్నాను.